చప్పుడు మీద నేను రాసిన అర్జీ

నా జీవితంలో నేను రాసిన అన్నిటిలోకీ మంచి ఇంగ్లీషు ఒక ఫిర్యాదు ఉత్తరంలో ఉంది. అంత బాగా రాయకుండా ఉండాల్సింది. నాలుగు తప్పులు పడి ఉంటే పోలీసులు దాన్ని చెత్తబుట్టలో వేసేవారు, మా ఇంట్లో ఎవరికీ ఏ కష్టమూ వచ్చేది కాదు.

చెరకు తోటల దీవిలోని ఊరైన కాత్ర్ బోర్న్‌లో మా ఇల్లు స్టేడియం వెనక సందులో ఉండేది. స్టేడియం అనగానే పెద్దగా ఊహించుకోకండి. పచ్చిక మైదానం, ఒకవైపు నాలుగు వరసల సిమెంటు మెట్లు, చుట్టూ రాతిగోడ, ఆ గోడకు ఆనుకుని మా పద్నాలుగు ఇళ్లు. కానీ శనివారం వచ్చిందంటే ఆ నాలుగు వరసల మీద నాలుగూళ్ల జనం కూర్చునేవారు. గోల్ పడితే మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. పడకపోతే ఇంకా ఎక్కువ కదిలేవి, ఎందుకంటే అప్పుడు రెండు పక్షాలూ కలిసి రిఫరీని తిట్టేవి.

దాని మీద నేనెప్పుడూ నోరెత్తలేదు. ఈ దీవిలో ఫుట్‌బాల్ మీద ఫిర్యాదు చేసి బతికి బట్టకట్టినవాళ్లు లేరు. నా కోపమంతా పక్కింటి మీద.

పక్కింట్లో ఈ దీవి క్రియోల్ జనంలోని ఒక దర్జీ ఉండేవాడు. వారమంతా పెళ్లికొడుకుల సూట్లు కుట్టేవాడు, ఆదివారం ఆ పెళ్లిళ్లలోనే సాక్సోఫోన్ వాయించేవాడు. మనిషిని రెండు రకాలుగా వాడుకోవడమంటే అదీ. ఆయన పెరట్లో రేకుల షెడ్డు ఉంది. శనివారం నాలుగింటికి అందులో ఆయన బ్యాండు సాధన మొదలయ్యేది. ఒక అకార్డియన్, ఒక గిటారు, రవాన్ అనే మేకతోలు డప్పు, అన్నిటినీ తొక్కేస్తూ ఆ సాక్సోఫోన్. సాధన కాబట్టి ఒకే ముక్కను ఇరవైసార్లు వాయించేవాళ్లు. తప్పు పడ్డచోటే మళ్లీ తప్పు పడేది. వినీ వినీ ఆ తప్పు ఎక్కడొస్తుందో నాకు ముందే తెలిసిపోయి పళ్లు నూరుకునేదాన్ని.

సరిగ్గా ఆ నాలుగింటికే మా వరండాలో నా తెలుగు బడి. పదకొండు మంది పిల్లలు. ఇంట్లో దీవంతా మాట్లాడే క్రియోల్ భాష, స్కూల్లో ఇంగ్లీషు, ఫ్రెంచి, పక్క సందులో ఆటలాడితే భోజ్‌పురి. తెలుగంటే వాళ్లకు పూజలో వినే మాటలూ, అమ్మమ్మ తిట్టే తిట్లూ. ఆ కాస్తకు అక్షరాలు తగిలించాలని నా తాపత్రయం. ఒక శనివారం గుణింతం చెప్పమంటే పదకొండు మందీ ఆ షెడ్డులో వాయించే సెగా పాటల దరువులో "క, కా, కి, కీ" అంటూ భుజాలు ఊపారు. ఇద్దరు లేచి నడుం కూడా ఊపారు. చెప్పడంలో మాత్రం ఒక్క తప్పు లేదు. అందుకే నాకు మరీ మండింది.

ఆ మంటలో రాశాను అర్జీ. రాసేముందు నాకు గుర్తు రానిది మా మామగారు.

ఆయన ఎవరో చెప్పాలి. చెరకు తోటలో కూలివాళ్ల ఇంట పుట్టి, బజారులో వంకాయలూ ఆకుకూరలూ అమ్మి ఆ ఇల్లు కట్టిన మనిషి. అప్పటికి డెబ్బై నాలుగేళ్లు. అక్షరమ్ముక్క రాదు గానీ రామభజన పాటలు నూటికి పైగా నోటికి వచ్చు. మా భజన కూర్చుని చేసేది కాదు. వాకిట్లో నడుమ నిలువెత్తు దీపపు స్తంభం పెట్టి, ఐదు వత్తులూ వెలిగించి, కాళ్లకు గజ్జెలతో, చేతుల్లో తాళాలతో మగవాళ్లు దాని చుట్టూ తిరుగుతారు. ఒకడు పాట ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు అందుకుంటారు. మొదట నడక, తర్వాత పరుగు, చివరికి గెంతులు. మంగళహారతి దాకా ఆ చుట్టు తెగకూడదు. ఆడవాళ్లు గోడవారగా కూర్చుని అందుకోవచ్చు, చుట్టులోకి రాకూడదు. ఎత్తుకునేవాడు ఎప్పుడూ మా మామగారే.

రెండేళ్ల ముందు నాకు టైఫాయిడ్ వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు మా ఆయన్ని పక్కకు పిలిచి, చెప్పుకోవాల్సిన మాటలేమైనా ఉంటే చెప్పుకోమన్నాడట. మా ఆయన ఒక చెరకు మిల్లు ఆఫీసులో గుమాస్తా. చెప్పుకోవాల్సిన మాటలు ఏమిటో ఆలోచిస్తూ బెంచీ మీద కూర్చుండిపోయాడట, ఒక్కటీ తట్టలేదట. ఆ విషయం నేను ఇప్పటికీ దెప్పుతుంటాను. మామగారు మాత్రం బయటికెళ్లి వానలో నిలబడి మొక్కుకున్నారు. కోడలు నడిచి ఇంటికొస్తే నూటెనిమిది శనివారాలు మా వాకిట్లో దీపం పెట్టే వేళకు గొంతెత్తి రాముణ్ని పిలుస్తానని. ఒక్క శనివారం తప్పినా మళ్లీ ఒకటి నుంచి లెక్క.

నేను బతికాను. బతికించింది దేవుడో డాక్టరో నాకు తెలియదు, నా అనుమానం డాక్టరు మీద. ఆసుపత్రి నుంచి టాక్సీలో తెచ్చారు. సందు మొదట్లో మామగారు టాక్సీని ఆపించి నన్ను దింపేశారు. "నడిచి రావాలమ్మాయ్, మాటిచ్చా" అన్నారు. నిలబడే ఓపిక లేదు నాకు. గోడ పట్టుకుని, ఆయన్ని తిట్టుకుంటూ, పది ఇళ్ల దూరం అరగంటసేపు నడిచాను. ఆ శనివారమే మొదటిది.

అక్కడినుంచి ఆయన ఒక్క వారం తప్పలేదు. జలుబు చేసినా, తుఫాను హెచ్చరిక జెండా ఎగరేసినా. మృదంగం వాయించే ఆయన బాన్ అక్యూయ్ నుంచి మృదంగాన్ని గోనెసంచిలో చుట్టి బస్సులో వచ్చేవాడు. ఇద్దరు కార్తియే మిలితేర్ నుంచి వచ్చేవారు. మిగతావాళ్లు చుట్టుపక్కలవాళ్లు. ఆరింటికి మొదలై ఎనిమిదికి ముగిసేది, ఎందుకంటే తర్వాత బస్సులుండవు. ఆ మొక్కు నాకోసమని సందంతా తెలుసు. నాకూ తెలుసు. కానీ మనకోసం ఎవరో ప్రతివారం చేసేది రెండేళ్లలో వంటింటి గోడలా అయిపోతుంది. ఎదురుగానే ఉంటుంది, చూడం.

ఇక అర్జీ. దర్జీ పేరు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మా సందులో పళ్లేలు అటూ ఇటూ తిరిగే ఇళ్ల మధ్య ఒక పద్ధతుంది. ఉగాదికి మా పులిహోర వాళ్లింటికి వెళ్తుంది, క్రిస్మస్‌కి వాళ్ల కేకు మాకు వస్తుంది. పళ్లెం ఖాళీగా తిరిగిపోకూడదు. అలాంటి ఇంటిమీద ఎంత కోపమొచ్చినా నోటితో అనొచ్చు, గోడ మీదుగా తిట్టొచ్చు, కాయితం మీద పేరు పెట్టకూడదు. పైగా ఆ దర్జీ ఏటా నేను పంపే ఉగాది పచ్చడిని మొహం వంకర పోకుండా తినే ఏకైక క్రియోల్. ఆయన పేరు ఎలా రాయను? అందుకని మర్యాదగా, ఎవరినీ అనకుండా రాశాను. స్టేడియం చుట్టూ ఉన్న ఇళ్లలో శనివారం సాయంత్రాలు వాద్యాలు, డప్పులు, తాళాలు, గుంపుగా పాడడం మితిమీరాయని, చదువుకునే పిల్లలకు ఇబ్బందనీ. సంతకం చోట "స్టేడియం పరిసర నివాసులు" అని పెట్టాను. తాళాలు అన్న మాట ఎందుకు రాశానంటే, దర్జీ బ్యాండులో ఒక కుర్ర వాయిద్యగాడు తాళాల్లా కొట్టే ఇత్తడి పళ్లేలు రెండు కొత్తగా తెచ్చాడు. గుంపుగా పాడడం ఎందుకంటే, వాళ్లు పాడతారు.

మా భజన కూడా చప్పుడేనని నాకు తోచనే లేదు. సాక్సోఫోన్ చప్పుడు. భజన భజన. అంత గుడ్డిగా ఉన్నాను మరి.

తొంభై ఏడో శనివారం. ఐదున్నర. మృదంగం గోనెసంచిలోంచి బయటికి వచ్చింది. మామగారు వత్తులు తడుపుతున్నారు. గేటు దగ్గర సైకిల్ ఆగింది. పోలీసు సార్జెంటు టోపీ తీసి, చెమట తుడుచుకుని, కాయితం విప్పాడు. శనివారాలు మూడు నుంచి ఎనిమిది వరకు స్టేడియం చుట్టుపక్కల ఇళ్లలో వాద్యాలు, డప్పులు, తాళాలు, బృందగానం నిషేధం. మైదానం లోపల ఆటకు సంబంధించిన చప్పుడుకు మాత్రం మినహాయింపు. మీరితే కేసు.

"దర్జీ ఇంట్లో ఇప్పుడే చెప్పొచ్చాను, మూసేశారు. మీరూ మూసెయ్యండి, తోంతోన్" అన్నాడు. తోంతోన్ అంటే మామ అని, పెద్దవాళ్లను క్రియోల్‌లో పిలిచే తీరు.

"ఎవడిచ్చాడు ఈ ప్లేంత్?" అన్నారు మామగారు. ఆ ఇంట్లో ఫిర్యాదుకు తెలుగు మాట వచ్చింది నాకొక్కదానికే.

"ఎవరో పెద్దవాళ్లు. ఆ ఇంగ్లీషు చూశాక మా ఇన్‌స్పెక్టరు రెండోసారి ఆలోచించలేదు. కొత్తగా ఎవరో తెల్లదొర ఇక్కడ దిగి ఉంటాడు."

అందరూ తెల్లదొర ఎవరా అని వెతుక్కున్నారు. స్టేడియం మెట్ల అవతల మేడలో ఉండే చక్కెర కంపెనీ ఇంజనీరు అన్నారు ఒకరు. కాదు, పక్క వీధి పాదిరి అన్నారు ఇంకొకరు. నేను టీ పోస్తున్నాను. సార్జెంటుకు కప్పులో సగం, సాసర్‌లో సగం పోశాను. ఆయన సాసర్‌తోనే తాగి వెళ్లిపోయాడు.

అప్పుడు భజన వాళ్లలో ఒకాయనకు ఉపాయం తట్టింది. నిషేధం చప్పుడు మీదే కదా, భజన మీద కాదు కదా. తాళాల మధ్య గుడ్డ పెట్టారు. గజ్జెలు విప్పేశారు. మృదంగం ఆయన వేళ్లు ఆనించీ ఆనించకుండా కొట్టాడు. పన్నెండు మంది పెద్దమనుషులు దీపం చుట్టూ గుసగుసగా రాముణ్ని పిలుస్తూ, మునివేళ్ల మీద తిరిగారు. వేరే రోజైతే కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. ఆ రోజు వంటింట్లోంచి బయటికి రాలేకపోయాను. మధ్యలో స్టేడియంలో గోల్ పడింది, జనం గోలకి దీపం కూడా ఉలిక్కిపడ్డట్టయింది. చట్టానికి ఆ గోల వినపడదు.

హారతి అయ్యాక పెద్దలంతా లెక్కకు వచ్చినట్టేనని తేల్చారు. దేవుడికి చెవుడు లేదన్నారు. మామగారు తాళాల్లోంచి గుడ్డ లాగి పక్కన పెట్టారు.

"నేను కేకేసి పిలుస్తా అన్నా. గుసగుసలాడతా అన్లేదు" అన్నారు.

ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఎక్కడానికి ఇంక పదకొండు మెట్లే ఉన్నాయి. తోసింది నేను. పైగా ఆయన ఎవరికోసం ఎక్కుతున్నారో ఆ మనిషిని. 

సోమవారం స్టేషనుకు వెళ్లాను. గోడ మీద రాణిగారి పటం, కింద సార్జెంటు.

"ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి" అన్నాను.

"రాసినవాళ్లే తీసుకోవాలి, మదాం."

"నేనే రాశాను."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. చీర, చెప్పులు, చేతిలో కూరల సంచి. "ఈ ఇంగ్లీషు మీదా?" అన్నాడు. అవమానమో పొగడ్తో తెలియలేదు. బల్ల మీద ఒక కాయితం పెట్టి, ఏదీ, ఆ మొదటి వాక్యం రాయండి అన్నాడు. మళ్లీ పరీక్ష రాసినట్టు నిలబడి రాశాను. రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి చూసి, లోపలికెళ్లి ఇన్‌స్పెక్టరుకు చూపించి, వాళ్లిద్దరూ కాసేపు నవ్వుకుని బయటికి వచ్చాడు. తెల్లదొర రాశాడనుకుని ఇచ్చిన ఉత్తర్వును, సందులో కోడలు రాసిందని తెలిసినంత మాత్రాన రద్దు చేస్తే వాళ్ల పరువేం కావాలి? స్టేడియం చుట్టూ పద్నాలుగు ఇళ్లవాళ్లూ అభ్యంతరం లేదని సంతకాలు పెట్టి తెమ్మన్నాడు. శనివారం లోపల.

పద్నాలుగు ఇళ్లలో ముందు ఎవరి సంతకం పడితే మిగతావి పడతాయో నాకు తెలుసు. ఆ సందులో సగం మంది ఆయన కుట్టిన ప్యాంట్లే వేసుకుంటారు.

దర్జీ మిషను తొక్కుతున్నాడు. నన్ను చూసి ఆపలేదు. అతుకు పూర్తయ్యేదాకా తొక్కి, దారం కొరికి, అప్పుడు తలెత్తాడు.

"సార్జెంటు ఆ అర్జీ కాయితం చూపించాడు. నా దుకాణం బోర్డు రాసింది ఎవరు, మదాం? నా కూతురి స్కూలుకు ఉత్తరాలు రాసేది ఎవరు? మీ అక్షరం నాకు తెలియదా?"

నేను బల్ల మీది దారపు ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

"ఆదివారం పెళ్లిలో రెండు పాటలు చెడగొట్టాం. సాధన సగంలో ఆగిపోయి. పెళ్లికూతురి తండ్రి అందరి ముందూ అన్నాడు" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది, నేనూ పెంచేదాన్ని.

"మీ పేరు రాయలేదు. మనం ఇరుగుపొరుగు కదా అని..." అన్నాను.

"రాసి ఉండాల్సింది. రాస్తే నా ఒక్కడికే తగిలేది. నేను వచ్చి మీ గేటు దగ్గర అరిచేవాణ్ని, మీరూ అరిచేవారు, అయిపోయేది. పేరు లేకుండా రాశారు కాబట్టి ముసలాయనకు తగిలింది." కొత్త దారం ఎక్కిస్తూ అన్నాడు. "సంతకం పెడతాను. కానీ కొత్త కాయితంలో పేరుండాలి. ఫిర్యాదు చేసింది ఎవరో, ఎవరి మీదో. మీ సంతకం పైన, నాది కింద."

ఇంటికొచ్చి రాశాను. ఫలానా ఇంటి కోడలినైన నేను, ఫలానా దర్జీ సాక్సోఫోన్ మీద కోపంతో, అతని పేరు దాచి... ఆ ఇంగ్లీషు మాత్రం బాగా రాలేదు. మా ఆయన చదివి, "సందులో తలెత్తుకు తిరగలేం" అన్నాడు. "మీరెప్పుడు తలెత్తారు గనక" అన్నాను. పాపం, అనకూడదు.

మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. మేడలో దొర గుమ్మంలో తప్ప అన్నిచోట్లా కాయితం చదివి వినిపించాల్సి వచ్చింది, ఎందుకంటే మిగతావాళ్లెవరికీ ఇంగ్లీషు పూర్తిగా రాదు. అంటే నా తప్పును క్రియోల్‌లో పదకొండుసార్లు చెప్పుకున్నాను. ఒకామె నవ్వింది. ఒకాయన కుర్చీ వేసి మరీ రెండోసారి చదివించుకున్నాడు. మేడలో ఇంజనీరు దొర సంతకం పెడుతూ, నిజానికి నాకు సాక్సోఫోనే ఇష్టం అన్నాడు. శుక్రవారం సాయంత్రానికి పదమూడు సంతకాలు. మిగిలింది మా ఇల్లు.

మామగారు వాకిట్లో పీట మీద కూర్చుని దీపపు స్తంభానికి చింతపండు రుద్దుతున్నారు. సందంతా తెలిసిపోయిన సంగతి ఆయనకు చేరిందో లేదో నాకు తెలియదు. ఎవరూ ఆయన ముందు అనలేదు. కాయితం ఆయన ముందు పెట్టి, వేలిముద్ర వెయ్యాలి మామయ్యా అన్నాను.

"చదువు" అన్నారు.

ఏదైనా చదవొచ్చు. ఆయనకు తెలియదు. ఒక్క నిమిషం ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. తర్వాత ఉన్నదున్నట్టు తెలుగులో చదివాను. ఫిర్యాదు చేసింది నేను అన్న చోటు కూడా దాటెయ్యలేదు. ఆయన రుద్దడం ఆపలేదు. చదవడం అయ్యాక నేను ఏడుపు మొదలుపెట్టాను, అదీ గట్టిగా. చప్పుడు గురించి అంత రాసిన మనిషిని.

"ఆ సాక్సోఫోన్ అంత బాగోదా?" అన్నారు.

"ఒకచోట ఎప్పుడూ తప్పు పోతుంది మామయ్యా."

"నాకూ పోతుంది. మూడో పాటలో. నువ్వు ఎన్నడూ అన్లేదే?"

"మీకోసం... నాకోసం చేస్తున్నారు కదా, ఎలా అంటాను?"

ఆయన వేలు సిరాలో ముంచి కాయితం మీద నొక్కారు. తుడుచుకుంటూ, మామూలుగా, రేపు బస్సు ఎన్నింటికి అన్నట్టు, "రేపు ఒకటోది" అన్నారు.

"తొంభై ఎనిమిది మామయ్యా. పెద్దలు లెక్కకు వచ్చిందన్నారు కదా."

"వాళ్ల కోడలు కాదుగా. నేను మాటిచ్చింది కేకేసి. నీ పాణం గుసగుసలతో రాలేదు. రేపు ఒకటోది."

నాకు భయం వేసింది, ఆ భయంలో నోరు జారింది. "మళ్లీ నూటెనిమిది అంటే రెండేళ్లు. మీరు ఉంటారా?"

కోపం వస్తుందనుకున్నాను. ఆయన నవ్వారు. "ఉండకపోతే నువ్వు తిరుగు. బతికింది నువ్వేగా."

మర్నాడు పొద్దున్నే కాయితం స్టేషనులో ఇచ్చాను. మధ్యాహ్నానికి ఉత్తర్వు ఎత్తేశారు. నాలుగింటికి షెడ్డులో సాక్సోఫోన్ మొదలైంది, ఆరింటికి మా వాకిట్లో కేక. తెలుగు బడి ఉదయానికి మార్చాను. ఆ పని మొదటే చేసి ఉండొచ్చని మా ఆయన అన్నాడు. గుమాస్తాలకు ఇలాంటివి ఎప్పుడూ ఆలస్యంగా తడతాయి. నాకు అసలు తట్టనే లేదు.

మామగారు యాభై మూడు దాకా వచ్చారు. దీవికి స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది వారాలకు, ఒక బుధవారం మధ్యాహ్నం, బజారు నుంచి వచ్చి మంచినీళ్లు అడిగి, అవి తెచ్చేలోపల పోయారు. మైల వల్ల రెండు శనివారాలు ఆగిపోయాయి. మొక్కుకున్న మనిషితోనే మొక్కు తీరిందన్నారు పెద్దలు. కాదన్నాను. ఆయన నాకు అప్పజెప్పారు, ఒకటి నుంచి తిరుగుతాను అన్నాను. ఆడమనిషి చుట్టులోకి రావడమా అన్నారు. మీరు రాకపోతే ఒక్కదాన్నే తిరుగుతాను, మృదంగం మాత్రం పంపండి అన్నాను. వాళ్లు వచ్చారు. సంతోషంగా వచ్చారని చెప్పను. ఆ నూటెనిమిదీ పూర్తి చేశాను, రెండేళ్లు పట్టింది. వాటిలో మొదటిదాని గురించే చెప్పాలి.

సందులో గేట్లకు కొత్త జెండాలు ఇంకా ఉన్నాయి. దీపం వెలిగించాను. చేతుల్లో తాళాలు పట్టుకుని నిలబడ్డాను. వెనక పదకొండు మంది. షెడ్డులో బ్యాండు ఇంకా వాయిస్తోంది, ఆ వారం సాధన ఎక్కువైనట్టుంది. నేను ఎత్తుకున్నాను. మూడేళ్లుగా గోడవారగా కూర్చుని పాడిన పాటే. పిల్లి గొంతుతో మొదటి చరణం పూర్తి చేశాను, వెనకవాళ్లు ఎక్కడ అందుకోవాలో తెలియక తడబడ్డారు. అంతలో గోడ అవతల సాక్సోఫోన్ ఆగిపోయింది. అకార్డియన్ ఆగిపోయింది. డప్పు ఆగింది. దర్జీకి నా గొంతు వినపడింది, ముసలాయన ఇంట్లో మర్యాదకోసం ఆపించాడు. సందంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటే, ఎంత చిన్నదో అందరికీ వినపడేట్టు.

నేను తాళాలు ఆపకుండా, అడుగు ఆపకుండా గోడ వైపు తిరిగి, దర్జీకి వినపడేట్టు ఉన్న బలమంతా పెట్టి క్రియోల్‌లో అరిచాను.

"ఆపొద్దు మిస్యే! వాయించండి!"

ఒక్క క్షణం తర్వాత షెడ్డులో డప్పు మళ్లీ మొదలైంది. దాని వెనక సాక్సోఫోన్. దాన్ని దాటి వినపడాలంటే కేకెయ్యాలి. వేశాను.